అవుట్‌బోర్డ్ మోటారు దొరవారికి

మహారాజశ్రీ మోటారు దొరవారి సముఖానికి, తాళ్లరేవు నుంచి తమ తాడు లాగే మనిషి రాయునది. ఉభయకుశలోపరి.

అయ్యా, గాలి పడిపోయినప్పుడు ఓ చెయ్యి వేస్తారని తమరిని మా తెరచాప పడవ వెనక ఎక్కించాం. ఎక్కాక తెలిసింది తమ దర్జా. తెరచాప ఎత్తగానే తమరిని నీళ్లలోంచి పైకి తీయాలి, లేకపోతే ఫ్యాను నీటికి అడ్డుపడి పడవ నడక చచ్చిపోతుంది. రేవులో అలాగే వదిలేస్తే ఉప్పునీటికి గుల్లలు పడతాయి. పాటుకి నీరు తీసి పాయలో బురద తేలితే కూరుకుపోతారు. రాత్రి పడవకే ఉంచితే తెల్లారేసరికి ఇంకెవరి పడవకో ఇల్లరికం వెళ్లిపోతారు.

తమ 40 కేజీల ఒళ్లు పడవ వెనక కొస మీంచి, అంటే అమరం మీంచి, వంగి ఎత్తీ ఎత్తీ నా నడుం పట్టేసింది. అందుకే ఈ క్రేను.

గేట్లూ గ్రిల్లులూ చేసే వెల్డింగ్ షాపులో బొమ్మ గీసి చూపిస్తే, ఆయన సాంతం చూసి “పైన రెండు హంసలు పెట్టమంటారా బాబూ?” అన్నాడు. వద్దన్నాను. స్టెయిన్‌లెస్ గొట్టానికి మామూలు ఇనుప రాడ్డుతో అతుకు వెయ్యబోతే మాత్రం చెయ్యి పట్టుకుని ఆపాను. మా ఉప్పుగాలికి ముందు తుప్పుపట్టేది ఆ అతుకే. నిలువు గొట్టం తేలిగ్గా తిరగాలని అడుగున నైలాన్ బుష్ వేయించాను. పై చేతికి జంట కప్పీలు, నాలుగు వరసల తాడు. లెక్క ప్రకారం 10 కేజీలు లాగితే తమరు లేవాలి. కప్పీల రాపిడి తన మామూలు తను తీసుకుంటుంది కాబట్టి ఇంకాస్త లాగుతున్నాను. తమరు మీటరు లేవడానికి నా చేతుల్లోంచి నాలుగు మీటర్ల తాడు నడుస్తుంది.

పడక దగ్గర కూడా తమ పట్టుదల తమదే. ఫోర్‌స్ట్రోక్ వంశం కదా! చెప్పిన పక్కకే పడుకోబెట్టాలి, రెండో పక్కకి ఒరిగితే ఆయిలు సిలిండర్లోకి ఎక్కుతుంది. పసిపిల్లకైనా ఇన్ని నియమాలు లేవని మా ఆవిడ అంటోంది.

మా ఊళ్లో ఒకప్పుడు సముద్రం దాటే కలప ఓడలు కట్టారు. పక్కనే కోరంగి నుంచి జనం రంగూన్ దాకా పోయారు. తెరచాప ఓడల కాలంలో వాళ్లని మోసింది గాలే. దాన్ని రాత్రిపూట ఇంటికి మోసుకెళ్లే పని ఎవరికీ పడలేదు.

విన్నపాలు రెండే. గాల్లో వేలాడుతూ అల వచ్చినప్పుడల్లా నా మోకాలిని తన్నకండి. అదనంగా కట్టిన ఆ రెండో తాడు చూసి నొచ్చుకోకండి, అనుమానం తమ మీద కాదు, కప్పీ మీద. రేపు పాయ సముద్రంలో కలిసే మొగ దాటాలి, రెండో లాగుకైనా స్టార్ట్ కండి.

ఇట్లు,
కాగితాల్లో మాత్రం పడవ ఓనరు