కొమ్ములు లేని జంతువుకు కొమ్ములు: ఒక ఐరిష్ కవి ప్రతిజ్ఞపై వాదోపవాదం

అప్పటికే ఇంగ్లీషు కవిగా పేరు తెచ్చుకున్న మైకేల్ హార్ట్‌నెట్ 1974లో డబ్లిన్‌లోని పీకాక్ థియేటర్ వేదిక మీద నిలబడి, ఇకపై ఐరిష్ భాషలోనే కవిత్వం రాస్తానని ప్రకటించాడు. 1985లో మళ్ళీ ఇంగ్లీషు కవితలు అచ్చు వేయించాడు. ఆ ప్రతిజ్ఞ ఆయన కవిత్వానికి మేలు చేసిందా, కీడు చేసిందా అన్నదే ఇక్కడి వివాదం.

పూర్వపక్షి: ఇంగ్లీషుకు వీడ్కోలు చెబుతూ 1975లో వచ్చిన కవితను ఆయన రాసింది ఇంగ్లీషులోనే. ఏ భాషను వదులుతున్నాడో ఆ భాషలో తప్ప సెలవు కూడా తీసుకోలేకపోయిన మనిషి చేసిన ప్రతిజ్ఞను ఆవేశం అంటామే గాని నిర్ణయం అనలేం. ఆయన పెరిగిన లిమరిక్ జిల్లా న్యూకాజిల్ వెస్ట్ ఇంగ్లీషు మాట్లాడే సంత ఊరు. అక్కడ ఐరిష్ వీధిలో వినబడే భాష కాదు.

ఉత్తరపక్షి: వీధిలో వినబడకపోవచ్చు గాని, ఇంట్లో వినబడింది. పిల్లవాడిగా ఆయన కామస్ అనే పల్లెలో అవ్వ దగ్గర ఉన్నాడు. ఆమె మనవడితో ఎక్కువగా ఇంగ్లీషులోనే మాట్లాడేది, తన ఈడు వాళ్ళు వస్తే మాత్రం ఐరిష్‌లోకి మారేది. రెండు భాషలూ ఒకే గడప దాటి అటూ ఇటూ తిరగడం చూసినందున వాటి మధ్య ఎక్కువ తక్కువలు ఉన్నాయని తనకు తోచనే లేదని ఆయనే తరువాత చెప్పుకున్నాడు. అసలు ఇంటిపేరు హార్నెట్. జనన నమోదులో పొరపాటున హార్ట్‌నెట్ అయింది. తెలిశాక కూడా ఆయన దాన్ని దిద్దించుకోలేదు, ఐరిష్ రూపానికి ఆ తప్పే దగ్గరగా ఉంది కనుక.

పూర్వపక్షి: చెవిన పడిన భాష వేరు, కవిత్వం పలికే భాష వేరు. ఐరిష్ మాట్లాడే డింగిల్ ద్వీపకల్పపు పలుకుబడిలో పెరిగిన కవయిత్రి నూలా నీ గోనిల్ ఐరిష్‌లో రాస్తే అది ఊట. హార్ట్‌నెట్ రాస్తే అది తవ్విన బావి. కుటుంబంతో సహా టెంపుల్‌గ్లాంటిన్ పల్లెకు మారి పదేళ్ళు కష్టపడ్డాడు, కాదనను. కానీ ఆ పదేళ్ళలో ఇంగ్లీషు కవిత్వం పోగొట్టుకున్నది ఎంత?

ఉత్తరపక్షి: తవ్విన బావి నీళ్ళు కూడా దాహం తీరుస్తాయి. 1978లో వచ్చిన ఆయన ఐరిష్ సంపుటి పేరు మీరు చూసే ఉంటారు: బ్యాడ్జర్ కొమ్ములు. మొహం మీద చారలుండే ఆ జంతువుకు కొమ్ములు ఉండవు. మనం కుందేటి కొమ్ము అంటామే, అటువంటిది. తాను సాధించబోయేది అసాధ్యమని తెలిసిన మనిషే ఆ పేరు పెడతాడని, అందులో ఆవేశం కంటే నవ్వే ఎక్కువ ఉందని నా అభిప్రాయం. పైగా మీరు ఊట అన్న ఆ నూలా నీ గోనిల్ కవితలను 1986లో ఇంగ్లీషులోకి తెచ్చినవాడు ఎవరు? ఈ బావి తవ్వినవాడే.

పూర్వపక్షి: అనువాదకుడిగా ఒప్పుకుంటాను. అయినా 1984లో డబ్లిన్ చేరి, అక్కడి ఇంచికోర్ పేటలో ఒంటరిగా ఉంటూ రాసిన హైకూలతో ఇంగ్లీషుకు తిరిగి వచ్చాడు. ప్రతిజ్ఞ ఓడిపోయిందనడానికి ఇంకేం కావాలి?

ఉత్తరపక్షి: ఆ ఒక్క ఏడాదిని దగ్గరగా చూడండి. 1985లో ఆ హైకూలు వచ్చాయి. అదే ఏడాది ఆయన ఐరిష్ సంపుటి ఒకటి వచ్చింది. పోషించే దొరలు పోయి బతుకు చితికిన 17వ శతాబ్దపు ఐరిష్ కవి డావీ ఓ బ్రూడర్‌కు ఆయన చేసిన ఇంగ్లీషు అనువాదాలూ అదే ఏడాది వచ్చాయి. ఒకటి ఇంగ్లీషు, ఒకటి ఐరిష్, ఒకటి రెండింటి మధ్య వంతెన. దీన్ని ఓటమి అనడానికి నాకు నోరు రాదు.

పూర్వపక్షి: ఆయనకే నోరు వచ్చింది కదా. మొదటి హైకూలో ఇంగ్లీషు ఆనకట్ట తెగి, తన అక్రమ సంతానమంతా షికారుగా బయటికి నడిచిందనీ, ఐరిష్ తల అడ్డంగా ఊపిందనీ రాసుకున్నాడు.

ఉత్తరపక్షి: తల ఊపిందనే రాశాడు. లేచి వెళ్ళిపోయిందని రాయలేదు.