విశ్వాసికి దుఃఖం ఎన్నాళ్లు?

మా సంఘంలో ఒక తల్లి ఉంది. పదకొండు నెలల కిందట ఆమె ఒక్కగానొక్క కొడుకు స్నేహితులతో సముద్ర స్నానానికి వెళ్లి తిరిగి రాలేదు. మొదటి వారమంతా ఇంట్లో ప్రార్థనలే. మూడో నెలలో ఎవరో ఆమెతో, "ఇంకా ఏడుస్తున్నావంటే నీ విశ్వాసంలో ఎక్కడో లోపం ఉంది" అన్నారు. అప్పటి నుంచి ఆమె మందిరానికి రావడం మానేసింది. ఆమెను మళ్లీ పిలిపించి ఆదివారం సాక్ష్యం, అంటే దేవుడు తనకు చేసిన మేలు అందరి ముందు చెప్పించాలని సంఘ పెద్ద అంటున్నారు. వద్దని అదే సంఘంలోని ఒక నర్సు అంటోంది. ఇద్దరికీ ఆ తల్లి మీద ప్రేమ ఉంది కాబట్టే ఈ వాదన వినదగినదని నాకు అనిపించింది. వాళ్ల వాదాలను నా మాటల్లో కూర్చాను.

సంఘ పెద్ద: ఆమెను అలా అనడం తప్పే చెల్లెమ్మా. కానీ అపొస్తలుడైన పౌలు థెస్సలొనీక సంఘానికి ఏమని రాశాడు? నిరీక్షణ లేని ఇతరులలా దుఃఖపడవద్దన్నాడు. పునరుత్థానాన్ని నమ్మే ఇంటికీ నమ్మని ఇంటికీ తేడా కనబడవద్దా?

నర్సు: ఆయన ఏడవవద్దనలేదు అన్నయ్యగారూ. నిరీక్షణ లేనివాళ్లలా ఏడవవద్దన్నాడు. చనిపోయిన లాజరును ఇంకాసేపట్లో లేపబోతున్నానని తెలిసి కూడా యేసు ఆ సమాధి దగ్గర కన్నీళ్లు విడిచాడు కదా.

సంఘ పెద్ద: కాసేపు విడిచాడు. పదకొండు నెలలు కాదు. "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి" అని పౌలు బంధకాల్లో ఉండి ఫిలిప్పీ సంఘానికి రాశాడు.

నర్సు: అదే ఫిలిప్పీ పత్రికలో రెండో అధ్యాయం చూడండి. తన స్నేహితుడు ఎపఫ్రొదితు చావుకు దగ్గరై బతికాడని చెబుతూ, "దుఃఖముమీద దుఃఖము" కలగకుండా దేవుడు తనను కనికరించాడని రాశాడు. స్నేహితుడు పోయి ఉంటే మరో దుఃఖం వచ్చి పడేదన్నమాట. మొదటిది అప్పటికే ఆయన గుండెలో ఉంది. ఆనందించమని రాసిన చెయ్యే దాన్నీ రాసింది.

సంఘ పెద్ద: నీకు వాక్యం బాగా తెలుసు, కాదనను. నాకు తెలిసింది నా బతుకు. పద్దెనిమిదేళ్లు తాగాను. ఒక ఉపవాస ప్రార్థన రాత్రి మోకాళ్ల మీద ఉండగానే విడుదల వచ్చింది. మర్నాటి నుంచి సీసా ముట్టలేదు. కావాలంటే మీ వదినను అడుగు. ఒక్క రాత్రిలో బాగుచేసిన దేవుణ్ణి నేను చూశాను. ఆ తల్లికి మాత్రం ఏళ్లు పడుతుందని చెప్పడానికి నాకు నోరు రాదు.

నర్సు: వదినగారిని అడిగాను. మీరు ఆ రాత్రే మానేశారు, నిజమే. కానీ సాయంత్రం గేటు చప్పుడైతే ఆవిడ గుండె దడదడలాడడం ఆగడానికి నాలుగేళ్లు పట్టిందట. మీకు ఒక రాత్రి, ఆవిడకు నాలుగేళ్లు. ఇద్దరినీ బాగుచేసింది ఒకే దేవుడు కాదా?

(ఇక్కడ నా మాట ఒకటి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. విడుదల పొందిన భర్త సాక్ష్యం మన మందిరాల్లో మైకు ముందు ఎన్నిసార్లో విన్నాను. పక్క వరుసలో కూర్చున్న భార్య నాలుగేళ్ల సాక్ష్యాన్ని ఒక్కసారీ వినలేదు. అదీ దేవుని కార్యమే. దాన్ని వినడానికి మనకు ఓపిక లేదు.)

సంఘ పెద్ద: ఆ సంగతి ఆమె నాతో ఎప్పుడూ చెప్పలేదు... సరే. నా భయం వేరు చెల్లెమ్మా. దుఃఖానికి ఇంట్లో పీట వేస్తే అది లేవదు. ఏలీయా ప్రవక్త బదరీ వృక్షం కింద చావు కోరుకున్నాడు. దేవుడు అతన్ని అక్కడే ఉండనిచ్చాడా? లేపి పంపాడు.

నర్సు: ఎలా లేపాడు? నిద్రపోనిచ్చాడు. దూతను పంపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ నిద్రపోనిచ్చి మళ్లీ పెట్టాడు. నలభై రోజుల నడక తరువాత హోరేబు కొండ దగ్గర, "ఇక్కడ ఏమి చేస్తున్నావు?" అని అడిగాడు. మనం మొదటి రొట్టె కూడా పెట్టకుండా ఆ ప్రశ్న దగ్గరికి వచ్చేశాం. ఆమె సరిగ్గా నిద్రపోయి ఎన్ని నెలలయిందో మీకు తెలుసా? డాక్టరుకు చూపించాలి.

సంఘ పెద్ద: మోకాళ్ల ప్రార్థనకు బదులు మాత్రలా?

నర్సు: బదులు అని ఎవరన్నారు? 1883లో గుంటూరుకు వచ్చిన అన్నా కుగ్లర్ మిషనరీ, డాక్టరు కూడా. 1898లో ఆస్పత్రి తెరిచింది. కడుపులో గడ్డకు ఆస్పత్రికి వెళ్తే నీ విశ్వాసం ఏమైందని మనల్ని ఎవరూ నిలదీయరు. మనసు కుంగి వెళ్తేనే నిలదీస్తారు.

సంఘ పెద్ద: ఆ మాత్రలైనా వెంటనే పనిచేస్తాయా?

నర్సు: చేయవు. కుంగుబాటు మాత్రల గుణం కనబడడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. మధ్యలో ఆపవద్దని రోగులకు రోజూ చెబుతుంటాను. మాత్రకు ఇచ్చే గడువు మనం మనిషికి ఇవ్వడం లేదు.

సంఘ పెద్ద: యేసు ఎవరికీ గడువు పెట్టలేదు. ముట్టాడు, బాగుపడ్డారు.

నర్సు: బేత్సయిదా గుడ్డివాడి మీద రెండుసార్లు చేతులుంచాడు. మొదటిసారి అతనికి మనుషులు నడిచే చెట్లలా కనబడ్డారు. అతను ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. "అంతా స్పష్టంగా ఉంది, స్తోత్రం" అనలేదు. యేసు అతని విశ్వాసాన్ని తప్పుపట్టలేదు, మళ్లీ చెయ్యి వేశాడు. మన మైకు ముందు ఆ తల్లి, "నాకింకా మసకగానే ఉంది" అనగలదా? అంటే మీరు ఆమెన్ అంటారా?

సంఘ పెద్ద: ... అనడం కష్టం. కొత్తగా వచ్చినవాళ్లు వింటారు.

నర్సు: వాళ్ల ఇళ్లలోనూ చావులు ఉన్నాయి అన్నయ్యగారూ. బైబిల్లో ఎనభై ఎనిమిదో కీర్తన చివరి మాట వరకూ చీకటే. దాన్ని ప్రధాన గాయకుడి చేతికి ఇచ్చారు, అందరిలో పాడమనే కదా.

సంఘ పెద్ద: మరి నన్ను ఏమి చేయమంటావు? చేతులు కట్టుకుని కూర్చోమంటావా?

నర్సు: లాజరు బయటికి వచ్చాక కూడా కాళ్లూ చేతులూ కట్టే ఉన్నాయి. ప్రాణం పోసినవాడికి కట్లు విప్పడం కష్టమా? అయినా అక్కడ ఉన్నవాళ్లనే విప్పమన్నాడు. ఆదివారం ఆమె పేరు పిలవకండి. వదినగారిని వెంటబెట్టుకుని ఇంటికి వెళ్లండి. అన్నం, కూర పట్టుకెళ్లండి. కొడుకు గురించి చెబితే వినండి. మంగళవారం డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్తాను.

సంఘ పెద్ద: ప్రార్థన కూడా చేయవద్దా?

నర్సు: ఆమె అడిగితే అక్కడే చేయండి. అడగకపోతే మీ ఇంటికి వచ్చాక చేయండి.

సంఘ పెద్ద: చేస్తాను. కానీ వెంటనే బాగుచేయమనే అడుగుతాను చెల్లెమ్మా. అది మాత్రం మానను.

నర్సు: అడగండి అన్నయ్యగారూ. పదకొండు నెలలుగా నేనూ అదే అడుగుతున్నాను.