దొడ్డిదారి ఆనందాన్ని అరికట్టాలి

చెప్పాపెట్టకుండా సంతోషంగా ఉండేవాళ్ల బెడద ఈమధ్య మరీ ఎక్కువైంది. వీళ్లు లక్ష్యాలు రాసుకోరు, డైరీ పెట్టరు, తెల్లవారుజామున నాలుగింటికి అలారం పెట్టుకోరు. అయినా చేతిలో పని చేసుకుంటూ కూనిరాగం తీస్తుంటారు. ఏమిటి విశేషం అని అడిగితే ‘ఏం లేదు, ఊరికే’ అంటారు. ఏళ్ల తరబడి పద్ధతి ప్రకారం ఆనందం కోసం పాటుపడుతూ ఇంకా దాని అంచు కూడా తాకని మనలాంటివాళ్లకు ఇంతకంటే అవమానం ఉంటుందా?

అసలు పద్ధతి ఏమిటో తెలియనివాళ్ల కోసం చెప్పాల్సి వస్తోంది. ముందుగా డైరీ. కృతజ్ఞతతో తలచుకోదగ్గ సంగతులు రాసుకునేవాళ్లు, చికాకులు రాసుకునేవాళ్లకంటే మెరుగ్గా ఉన్నారని రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెకల్లో 2003లో ప్రచురించిన పరిశోధనలో తేలింది. అయితే వాళ్ల తొలి ప్రయోగంలో విద్యార్థుల్ని రాయమన్నది వారానికి ఒకసారి, అయిదు సంగతుల దాకా. వారానికి ఒక్కసారా! ఇంత మెతగ్గా ఉంటే ఆనందం మన మాట వింటుందా? నిబద్ధత గలవాళ్లు రోజుకు పది రాస్తారు. మొదటి నాలుగు రోజులూ బాగానే సాగుతుంది. అయిదో రోజుకు సరుకు నిండుకుని ‘ఆరోగ్యం, కుటుంబం, ఎండ’ దగ్గర ఆగుతుంది. రెండో వారం నుంచి ఆ మూడింటి కింద డిటో గుర్తులే. చెయ్యి రాస్తూ ఉంటుంది, మనసు ఎక్కడో ఉంటుంది.

దీనికి విరుగుడు ఉందని కొందరు గొణుగుతుంటారు. ఒక్క సంగతి చాలట. కానీ ఎవరు, ఏ పూట, ఏం చేశారో, వాళ్లు అది చెయ్యకపోయి ఉంటే మన గతేమయ్యేదో నాలుగు వాక్యాల్లో వివరంగా రాయాలట. ఆ సలహాలో ఉన్న ప్రమాదం గమనించారా? మూడో వాక్యానికల్లా ఆ మనిషి కళ్లముందు కనిపిస్తాడు. లేచి ఫోన్ చెయ్యాలనిపిస్తుంది. మాటల్లో పడి గంట గడిచిపోతుంది. డైరీ సగంలో ఆగిపోతుంది.

డైరీ తర్వాత తనిఖీ. గంటకోసారి చేస్తున్న పని ఆపి, ‘ప్రస్తుతం నేనెంత ఆనందంగా ఉన్నాను?’ అని పదికి మార్కులు వేసుకోవాలి. గిట్టనివాళ్లు దీనిమీదా ఓ ప్రయోగం ఎత్తి చూపిస్తారు. స్కూలర్, ఏరియలీ, లోవెన్‌స్టీన్ అనే ముగ్గురు 2003లో ప్రచురించినది. కొందరికి స్ట్రావిన్‌స్కీ సంగీతం వినిపిస్తూ, వింటున్నంతసేపూ వీలైనంత ఆనందంగా ఉండటానికి ప్రయత్నించమన్నారు. ఏమీ చెప్పకుండా వినిపించినవాళ్లకంటే వీళ్లే డీలాపడ్డారు. తప్పు కచ్చితంగా సంగీతానిదే. సంతోషంగా ఉన్నానా అని అడుక్కున్న మరుక్షణం ఆ సంతోషం ఉండదని పంతొమ్మిదో శతాబ్దంలోనే ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ అన్నాడు. పాపం, ఆయన దగ్గర మార్కులు వేసుకునే యాప్ లేదు.

అలవాట్ల విషయంలోనూ మనది కఠిన వైఖరే. ఒక్కరోజు తప్పిందంటే మొత్తం పోయినట్టే, కొత్త డైరీ కొని ఒకటో తేదీ నుంచి మళ్లీ మొదలు. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించి, ఒక పని అలవాటుగా మారడానికి మనిషినీ పనినీ బట్టి 18 నుంచి 254 రోజులు పట్టవచ్చని లెక్కగట్టింది. మధ్యలో ఒక రోజు తప్పితే పెద్దగా నష్టమేమీ లేదని కూడా తేల్చింది. ఇలాంటి నిజాలు బయటికి పొక్కితే కొత్త డైరీలు ఎవరు కొంటారు?

ఇక దొడ్డిదారి గాళ్ల వ్యవహారం ఎలా ఉంటుందో చూడండి. ఇంట్లో కొళాయి కారుతుంటుంది. క్రమశిక్షణ గలవాళ్లు ఆ చప్పుడు మీద ధ్యానం చేస్తారు. ఇతగాడు స్పానర్ పట్టుకుని వస్తాడు. ముందు మెయిన్ వాల్వు కట్టేస్తాడు. కొళాయి తిప్పి పైపులో మిగిలిన నీళ్లు వదిలేస్తాడు. సింకు రంధ్రానికి గుడ్డ అడ్డం పెడతాడు, లేకపోతే విప్పిన స్క్రూ తిన్నగా అందులోకే పోతుంది మరి. ఒక చేత్తో కొళాయి కదలకుండా పట్టుకుని రెండో చేత్తో నట్టు విప్పుతాడు. అలా పట్టుకోకపోతే గోడలో పైపు మెలి తిరుగుతుంది. అడుగున వాషర్ గట్టిపడి, చుట్టూ గుండ్రంగా గాడి పడి ఉంటుంది. కారుతోంది కదా అని రోజూ ఇంకాస్త బిగించి తిప్పిన ఫలితం అది. బిగించేకొద్దీ వాషర్ నలుగుతుంది, నలిగేకొద్దీ ఇంకా కారుతుంది. వాషర్ ఆనే అంచును వేలితో తడిమి చూస్తాడు. అది గరుకు తేలి ఉంటే కొత్త వాషర్ వేసినా నాలుగు రోజుల ముచ్చటే. నున్నగా ఉంటే అదే సైజుది వేసి, పిడి తెరిచిన స్థితిలో ఉంచి, మరలు ముందు చేత్తో ఎక్కించి, ఆ తర్వాతే స్పానర్ వాడతాడు. చివరికి కొళాయి కట్టేసి, మెయిన్ వాల్వు మెల్లగా తిప్పి చూస్తూ నిలబడతాడు. ఒక చుక్క కొళాయి అంచున వేలాడి, పడుతుంది. రెండోది రాదు.

అప్పుడు అతని ముఖం చూడాలి! పదికి మార్కులు వేసుకోవాలన్న ఇంగితం కూడా లేదు. అరగంట ఎలా గడిచిందో తెలియదంటాడు. పని మరీ తేలిక కాకుండా, మరీ తలకు మించకుండా, సరిగ్గా చేస్తున్నామో లేదో అక్కడికక్కడే తెలుస్తుంటే మనిషి అందులో లీనమైపోతాడని మనస్తత్వ శాస్త్రవేత్త మిహాయ్ చిక్సెంట్‌మిహాయి జీవితకాలం పరిశోధించి చెప్పాడు. కడిగిన గ్లాసునే మళ్లీ కడగమంటే విసుగు, గోడ పగలగొట్టి పైపులన్నీ మార్చమంటే బెంగ. వాషర్ ఆ రెంటికీ మధ్యన ఉంది. అంత మాత్రాన దాన్ని ఆనందం అనేస్తే, ఆనందం నేర్పే మన వర్క్‌షాపులు ఏమైపోవాలి?

ధ్యేయం సంగతి మరీ ఘోరం. ధ్యేయం అంటే కనీసం ప్రపంచాన్ని మార్చేదై ఉండాలి, సాయంత్రానికి పూర్తయ్యేది కాకూడదు. కానీ 1976లో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ ఒక వృద్ధాశ్రమంలో ఏం చేశారంటే, ఒక అంతస్తులోని పెద్దవాళ్లకు మీ పనులు మీరే నిర్ణయించుకోండని చెప్పి, తలో మొక్క ఇచ్చి, బాధ్యత మీదేనన్నారు. మరో అంతస్తులోనూ మొక్కలిచ్చారు గానీ నీళ్లు నర్సులే పోస్తారన్నారు. మూడు వారాలకు మొదటి అంతస్తువాళ్లు రెండో అంతస్తువాళ్లకంటే హుషారుగా, సంతోషంగా ఉన్నారు. దూరదృష్టి లేదు, నినాదం లేదు, ఉన్నదల్లా ఎండిపోకుండా చూసుకోవాల్సిన ఒక మొక్క.

కాబట్టి సంబంధిత అధికారులు వెంటనే జోక్యం చేసుకోవాలి. మొక్కకు నీళ్లు పోయదలచినవారి నుంచి ముందు ఐదేళ్ల ప్రణాళిక తీసుకోవాలి. కొళాయి విప్పబోయేవారు ఆ పని తమ జీవిత పరమార్థానికి ఏ విధంగా తోడ్పడుతుందో మూడు ప్రతుల్లో రాసివ్వాలి. దరఖాస్తు పరిశీలన పూర్తయ్యేదాకా నీళ్లు కారుతూనే ఉండాలి.