ఉప్పునీళ్ళలో ఐసు కరిగితే మట్టం మారదంట!

మా అక్క కూతురి వీక్లీ టెస్టు పేపరు ఇప్పుడే చూసినాను. ఒళ్ళు మండిపోతా ఉంది.

గ్లాసులో సముద్రపు నీళ్ళు, అందులో మంచినీళ్ళ ఐసుముక్క తేలుతోంది. అంతా కరిగితే మట్టం ఏమవుతుంది? పాప ‘పెరుగుతుంది’ అని పెట్టింది. మైనస్ ఒకటి! కీలో ‘మారదు’ అని ఉందంట. పోయి అడిగితే సారు ఏమన్నాడో తెలుసా? "ఐసు కరిగితే మట్టం మారదు అని రాయించినా కదమ్మా, క్లాసులో నిద్రపోతున్నావా?"

సామీ, అది మంచినీళ్ళలో! తేలే ఐసు తన బరువుకు సరిపడా నీటిని పక్కకు తోస్తుంది. సముద్రపు నీటి సాంద్రత 1.025, అంటే ఒక ఘన సెంటీమీటరు 1.025 గ్రాములు తూగుతుంది. వంద గ్రాముల ఐసు తోసేది సుమారు 97.5 ఘన సెంటీమీటర్లు, కరిగితే వచ్చేది 100. ఆ మిగిలిన రెండున్నర యాడికి పోతుంది, సారు జేబులోకా? ఈ లెక్క పాప పేపరు అంచున పెన్సిల్‌తో వేసుకునింది కూడా. ఎవరు చూస్తారు, మిషను దిద్దే ఓఎంఆర్ షీటు కదా! ఏసీ క్యాంపస్ అని లక్షలు గుంజుతారు, ఒక గ్లాసు, రెండు స్పూన్ల ఉప్పు పెట్టి చూపించడానికి మాత్రం చేతులు రావు.

మా బావ దానికి తగ్గట్టే ఉన్నాడు. "ఒక్క మార్కుకి ఇంత రచ్చ ఏంది బామ్మర్దీ, కీలో ఉండేదే పెట్టమను." మీరు మారరు బావా.

వ్యాకోచమూ, అదే వేడికి సాగడమూ, ఇంతే. కిలోమీటరు ఉక్కు పట్టా 30 డిగ్రీలు వేడెక్కితే 36 సెంటీమీటర్లు సాగుతుంది. సూత్రంలో అంకెలు పడేస్తే వచ్చేస్తుంది, సంతోషం. మరి మే నెల ఎండలో గుంతకల్లు దగ్గర సందుల్లేకుండా అతికించిన పట్టాలు ఎందుకు సాగవు అని పాప అడిగితే "సిలబస్‌లో లేదు" అన్నారంట. పట్టాల కింద ఉండే స్లీపర్లు గట్టిగా పట్టుకుని ఉంటాయి, సాగలేక లోపల ఒత్తిడి పెరుగుతుంది, అని చెప్పడానికి అర నిమిషం చాలదా?

ప్లవనం, అదే నీళ్ళలో తేలడం, అంటే టైటానిక్, ఐస్‌బర్గ్. కడపలో కూర్చుని! ఎర్రగుంట్ల వైపు నీళ్ళు నిండిన క్వారీ గుంతలో బండను కదిలించిన కూలీని అడగండి, నీళ్ళలో అది ఎంత తేలికో చెప్తాడు. కడప బండ సాంద్రత 2.7 దాకా ఉంటుంది, అంటే మునిగినప్పుడు మూడో వంతు కంటే ఎక్కువ బరువు తగ్గుతుంది. ఇంతకంటే మంచి లెక్క ఎక్కడుంది? ఇవ్వరు. గైడులో ఉండదు కదా.

అయినా ఇప్పటివాళ్ళను అని ఏం లాభం? మేం ఇంటర్ చదివినప్పుడు ల్యాబ్ బీరువాకి రెండేళ్ళూ తాళమే. ప్రాక్టికల్స్‌కి 30 మార్కులు, రీడింగులన్నీ సీనియర్ల రికార్డులోవి. అద్దంలోంచి సాంద్రత కొలిచే నికల్సన్ హైడ్రోమీటరు కనిపిస్తుంటే ఒక్కసారి తాకుతాను సార్ అంటే, "పగిలితే మీ నాయన కడతాడా?" అన్నాడు.

రేకుతో చేసింది సారూ అది. ఎట్లా పగులుతుంది?