లాగింది నేను కాదు, లేటెన్సీ గారూ

అయ్యా లేటెన్సీ గారూ,

మీరు క్షేమమేనని తెలుసు. నిన్న సాయంత్రం నేనూ ఒక డ్రమ్మరూ ఎవరింట్లో వాళ్లం కూర్చుని ఇంటర్నెట్‌లో కలిసి వాయిస్తుంటే, ఒకరి శబ్దం ఇంకొకరిని చేరడంలో ఆలస్యమై మా ఇద్దరి మధ్యే తిష్ఠ వేశారు కదా. అయినా మర్యాద కోసం అడుగుతున్నాను, బాగున్నారా?

డ్రమ్మర్ దొరకడం ఎంత కష్టమో మీకు తెలియంది కాదు. సరదాగా కలిసి వాయించుకునే జామ్‌కి ఎవరైనా వస్తారా అంటే గిటారిస్టులు కుప్పలుతెప్పలుగా వచ్చి పడతారు, అందరికీ లీడే కావాలి. మీది ఏ లెవల్ అని అడిగితే అందరిదీ ఒకటే మాట, ఇంటర్మీడియట్. ఏళ్ల తరబడి స్టేజీలెక్కుతున్నవాడూ ఇంటర్మీడియటే, పోయిన నెల గిటార్ కొని ఇంకా ఎఫ్ కార్డ్ పట్టలేక ఏడుస్తున్నవాడూ ఇంటర్మీడియటే. "పక్కా వస్తా బ్రో" అన్నవాళ్లు ఆ టైముకి ఏ లోకంలో ఉంటారో దేవుడికే తెలియాలి. వీళ్లందరినీ దాటుకుని, ఎలక్ట్రానిక్ కిట్ ఉండి, దాని శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపే ఆడియో ఇంటర్‌ఫేస్ ఉండి, పైగా చెప్పిన టైముకే వచ్చిన డ్రమ్మర్ ఒకడు దొరికితే, అతని నోట మీరు నాకు ఏం వినిపించారు?

"బ్రో, నువ్వు లాగుతున్నావ్."

నేను! లాగుతున్నానట, అంటే తాళానికి వెనకబడుతున్నానట!

సరే, లెక్కలోకే వద్దాం. మేం మొదలుపెట్టింది నిమిషానికి 100 బీట్ల దగ్గర, అంటే బీట్‌కీ బీట్‌కీ మధ్య 600 మిల్లీసెకన్లు. తమరు పోతూ 35, వస్తూ 35 మింగారు. అతను స్నేర్ డ్రమ్ కొట్టిన 35 మిల్లీసెకన్లకి అది నా చెవిన పడింది, నేను సరిగ్గా దానిమీదే కార్డ్ వేశాను, ఆ కార్డ్ తిరిగి అతన్ని చేరడానికి ఇంకో 35. నా హెడ్‌ఫోన్స్‌లో ఇద్దరం అతికినట్టున్నాం. అతని హెడ్‌ఫోన్స్‌లో నేను 70 మిల్లీసెకన్లు వెనకున్నాను, ఆ స్పీడులో అది పదహారో నోటులో, అంటే పావు బీట్‌లో, దాదాపు సగం. మనిషి మంచివాడు, పాపం నాకోసం కాస్త ఆగాడు. ఇతనేంటి నెమ్మదిస్తున్నాడు అనుకుని నేనూ తగ్గాను, నేను తగ్గానని మళ్లీ అతను తగ్గాడు. ఇలా ఒకరికొకరు దారి ఇచ్చుకుంటూ పోయేసరికి, హుషారుగా ఎత్తుకున్న బ్లూస్ కాస్తా నాలుగో రౌండ్‌కి శవయాత్రలా నడిచింది.

అంతటితో అయిపోతే ఈ ఉత్తరం రాసేవాణ్ని కాదు. "నమ్మకపోతే రికార్డింగ్ విను" అని పంపాడు. విన్నాను. అందులో నేను నిజంగానే లాగుతున్నాను! ఎందుకు లాగను, అది అతని కంప్యూటర్‌లో చేసిన రికార్డింగ్ కదా. నా దగ్గరున్నది నేనూ పంపాను, అందులో నేను బీట్ మీదే ఉన్నాను, స్పీడు తగ్గిస్తున్నది అతను. అతను విన్నది నిజం, నేను విన్నదీ నిజం, ఇద్దరం సాక్ష్యాలతో సహా కొట్టుకున్నాం. చివరికి ఆడలేక మద్దెల ఓడన్నాననే పేరు నాకొచ్చింది, "ముందు మెట్రోనోమ్‌తో ప్రాక్టీస్ చెయ్ బ్రో" అన్న సలహా కూడా ఉచితంగా వచ్చింది. వైర్ తీసి గిటార్ పక్కన పెట్టాక కూడా నా చెయ్యి టేబుల్ మీద తాళం వేస్తూనే ఉంది, నేను లాగలేదని ఎవరికో నిరూపించాలన్నట్టు.

దూరం కదా, ఏం చేస్తారు మరి అని మీ తరఫున వాదించేవాళ్లుంటారు. దూరం మీద నింద వెయ్యకండి. ఫైబర్‌లో వెయ్యి కిలోమీటర్లకి కాంతి తీసుకునేది సుమారు 5 మిల్లీసెకన్లే. ఒకే గదిలో ఉన్నా గాలిలో శబ్దం మిల్లీసెకనుకి 34 సెంటీమీటర్లే పోతుంది, అంటే 25 మిల్లీసెకన్ల ఆలస్యం ఎనిమిదిన్నర మీటర్ల అవతల కూర్చున్నవాడితో వాయించినట్టే, అంతవరకు ఎవరైనా సర్దుకుంటారు. ఆపైన మీరు బలిసింది మీ బంధువుల వల్ల. శబ్దాన్ని కాసేపు పోగేసి పంపే సౌండ్ కార్డ్ బఫర్‌లో కొంత, వైఫైలో కొంత, నేరుగా రాకుండా లోకమంతా చుట్టి వచ్చే రూటింగ్‌లో కొంత. బఫర్ తగ్గిద్దామని 64 శాంపిళ్లకి దించితే చిటపటలు, 256కి పెంచితే మళ్లీ మీరు. ఇక బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌తో జామ్‌కి వచ్చే మహానుభావుల గురించి నేనేమీ అనను, వాళ్లది వేరే కాలం. వీడియో కాల్‌లో వాయిద్దామనేవాళ్లకీ ఒక దండం. ఫ్లూట్ మీద పొడుగ్గా ఒక స్వరం పట్టారా, ఆ యాప్ దాన్ని ఫ్యాన్ చప్పుడనుకుని శుభ్రంగా తుడిచేస్తుంది.

మీతో పోరాడేవాళ్లు లేరని కాదు. జామ్యులస్, సోనోబస్, జాక్‌ట్రిప్ లాంటి ఆన్‌లైన్ జామ్ సాఫ్ట్‌వేర్లు రాసినవాళ్లు మీ దగ్గర ఒక్కో మిల్లీసెకనూ ముక్కుపిండి వసూలు చేస్తున్నారు, అదీ డబ్బులడక్కుండా. 2005లో వచ్చిన నింజామ్ అయితే మీతో పోట్లాటే మానేసింది. ఆలస్యం ఎలాగూ తప్పదు కాబట్టి కొన్ని బార్ల (తాళం ఆవర్తాల) పొడవునా పూర్తిగా ఆలస్యం చేసేసింది, ఎదుటివాడు పోయిన చుట్టులో వాయించినదాని మీద మనం ఈ చుట్టు వాయిస్తాం. ఇద్దరికీ వినపడే పాట ఒకటి కాదు, అయినా తాళం తప్పదు. మొదటిసారి విన్నప్పుడు ఒప్పుకోక తప్పలేదండీ, మీలో కూడా కాస్త సంగీతం ఉంది. కాకపోతే పాట మధ్యలో ఠక్కున ఆగి, ఒకేసారి అందుకోవాలంటే మాత్రం అక్కడ కుదరదు. నాకు ఆ ఠక్కున ఆగడమే కావాలి.

అందుకని పూర్తిగా పొమ్మని అడగడం లేదు, పోరని తెలుసు. కనీసం ఒక్కచోట ఉండి చావండి! 40 అయితే 40 అనండి, ఏడుస్తూనో నవ్వుతూనో అలవాటు చేసుకుంటాం, చెయ్యి కాస్త ముందుకి తోస్తాం. పాట మొదట్లో 30 ఉండి, సోలో అందుకునేసరికి 90కి ఎగిరి, మేం ఆపేసి "వినిపిస్తోందా? హలో?" అనగానే ఏమీ ఎరగనట్టు మళ్లీ 30కి వచ్చి కూర్చోవడం ఏం పద్ధతి? అప్పుడు మేం నెట్ ఆలస్యాన్ని కొలిచే పింగ్ చూస్తే అంతా భేషుగ్గా కనిపిస్తుంది, మళ్లీ నేనే అబద్ధాలకోరుని!

వైఫై తీసేసి రౌటర్ నుంచి గదిలోకి లాన్ కేబుల్ లాగాను. ఆ డ్రమ్మర్‌నీ లాగమన్నాను, ఇంకా రిప్లై లేదు. మెసేజ్ చూసినట్టు మాత్రం చూపిస్తోంది. ఇది కూడా మీరేనా?

ఇట్లు,
బీట్ మీదే వాయించిన ఒక గిటారిస్టు