సముద్ర పరిశోధన: ఫెలోషిప్ ముగిశాక ఏమిటి?

సరుకు నౌకల వెనుక తాడు కట్టి లాగే ఒక లోహపు పెట్టె 1931 నుంచి ఉత్తర సముద్రపు నీటిని వడపోస్తూ వస్తోంది. కంటిన్యువస్ ప్లాంక్టన్ రికార్డర్ అనే ఈ సాధనం లోపల పట్టుబట్ట చుట్ట మెల్లగా కదులుతుంటే, నీటిలోని ప్లవకాలు (ప్రవాహంతోపాటు కొట్టుకుపోయే సూక్ష్మ జీవులు) దానికి అంటుకుని, మరో పట్టు పొర కింద చిక్కుకుని, ఫార్మలిన్‌లో నిల్వ ఉండిపోతాయి. ప్రయోగశాలకు చేరాక విశ్లేషకులు చేసే తొలి పనుల్లో ఒకటి, ఆ పట్టు ఎంత పచ్చగా ఉందో రంగుల పట్టీతో పోల్చి చూడటం. ఇంత సాదాసీదా పనికి గ్రాంటు ఎవరిస్తారని అనిపించవచ్చు. కానీ 1960ల నుంచి దాచి ఉంచిన ఆ పట్టు ముక్కలను పరిశోధకులు మళ్లీ బయటికి తీసి చూడబట్టే, సముద్రంలో సూక్ష్మ ప్లాస్టిక్ దశాబ్దాలుగా పెరుగుతూ వచ్చిందన్న సంగతి 2004లో లోకానికి తెలిసింది. 1960లలో ఆ పట్టును చుట్టినవారి ఊహలో ప్లాస్టిక్ లేదు. అదే సర్వే 1980ల చివర్లో నిధులు ఆగిపోయే పరిస్థితి వచ్చి మూతపడే అంచుకు వెళ్లింది. దాన్ని నడపడానికి ప్రత్యేకంగా ఒక ఫౌండేషన్ ఏర్పడటంతో బతికి బట్టకట్టింది.

సముద్ర, తీర విజ్ఞానంలో ఆర్థిక సహాయాల గురించి మాట్లాడేటప్పుడు ఈ కథ నుంచే మొదలుపెట్టడం నా దృష్టిలో సబబు. అవకాశాలు లేవన్నది పూర్తి నిజం కాదు. ఐక్యరాజ్యసమితి 2021 నుంచి 2030 వరకు కాలాన్ని సముద్ర విజ్ఞాన దశాబ్దంగా ప్రకటించాక ప్రకటనలు, పిలుపులు ఎక్కువగానే కనిపిస్తున్నాయి. అయితే ఆ డబ్బులో ఎక్కువ భాగం మనిషికి, అదీ కొద్ది కాలానికి, అందుతోంది. సముద్రం అడిగే ప్రశ్నలకు మాత్రం దశాబ్దాల కొలతలు కావాలి. మొత్తం నిధి కూడా చిన్నదే. యునెస్కో అంతర్ ప్రభుత్వ సముద్ర విజ్ఞాన కమిషన్ 2020 నివేదిక ప్రకారం దేశాలు తమ పరిశోధన వ్యయంలో సగటున 1.7 శాతమే సముద్ర విజ్ఞానానికి కేటాయిస్తున్నాయి.

ఉన్నవాటిలో దేని స్వభావం దానిది. పోగో, స్కోర్ అనే రెండు అంతర్జాతీయ సముద్ర పరిశోధన సంస్థలు కలిసి ఇచ్చే, 2001లో మొదలైన పోగో-స్కోర్ సందర్శక ఫెలోషిప్ వర్ధమాన దేశాల యువ పరిశోధకులను ఒకటి నుంచి మూడు నెలలపాటు మరో సంస్థకు పంపి, ఒక పద్ధతినో పరికరాన్నో నేర్చుకునే వీలు కల్పిస్తుంది. అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ నోవా పరిధిలోని సీ గ్రాంట్ కార్యక్రమం 1979 నుంచి ఇస్తున్న నాస్ ఫెలోషిప్ ఆ దేశ విద్యాసంస్థల్లో పోస్టు గ్రాడ్యుయేట్ చదువులు చదివేవారిని ఏడాదిపాటు వాషింగ్టన్‌లో విధాన నిర్ణయాల దగ్గర కూర్చోబెడుతుంది. ప్రయోగశాలకే అంకితం కావాలనుకునేవారికి ఇది అంతగా నప్పదు. సముద్ర సంరక్షణలో ఇప్పటికే పేరు తెచ్చుకున్నవారికి ప్యూ ఫెలోషిప్ మూడేళ్లలో 1,50,000 డాలర్లు ఇస్తుంది. ష్మిట్ ఓషన్ ఇన్‌స్టిట్యూట్ దారి వేరు: చేతికి ప్రధానంగా ఇచ్చేది నౌకా సమయం. పెద్ద పరిశోధన నౌకను ఒక్కరోజు సముద్రంలో తిప్పడానికే పదుల వేల డాలర్లు ఖర్చవుతుంది కాబట్టి అది తక్కువ సాయమేమీ కాదు. దానికి షరతు, సేకరించిన సమాచారాన్ని అందరికీ అందుబాటులో ఉంచడం.

వీటన్నిటిలో నాకు ఎక్కువ ఆశ కలిగించేది జపాన్ దాతృత్వ సంస్థ నిప్పన్ ఫౌండేషన్ డబ్బుతో నడిచే శిక్షణ. 2004 నుంచి అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయంలో ఏటా కొద్దిమందికి సముద్రగర్భ పటాలు గీయడంలో తర్ఫీదు ఇస్తున్నారు. కోర్సు ముగియగానే ఎవరి దారి వారు పట్టకుండా, పూర్వ విద్యార్థులు ఒక బృందంగా ఏర్పడి 2019లో షెల్ ఓషన్ డిస్కవరీ ఎక్స్‌ప్రైజ్ పోటీలో 40 లక్షల డాలర్ల ప్రథమ బహుమతి గెలిచారు. సముద్రగర్భం మొత్తానికీ 2030 నాటికి పటం గీయాలని అదే ఫౌండేషన్ తోడ్పాటుతో 2017లో సీబెడ్ 2030 ప్రాజెక్టు ప్రారంభమైనప్పుడు ఆధునిక ప్రమాణాలతో కొలిచిన సముద్రగర్భం సుమారు 6 శాతం; ఇప్పుడది నాలుగో వంతు దాటింది. ఇదంతా ఆ విద్యార్థుల పుణ్యమే అనడం అతిశయోక్తి అవుతుంది గానీ, శిక్షణ తర్వాత చేయడానికి పని, కలిసి చేయడానికి మనుషులు ముందే సిద్ధంగా ఉంటే ఫలితం ఎలా ఉంటుందో ఇక్కడ తెలుస్తుంది.

అలా సిద్ధంగా లేనిచోట ఏమవుతుందో చూడండి. ఫెలోషిప్‌లో లవణీయత, ఉష్ణోగ్రత, లోతు కొలిచే సీటీడీ పరికరం వాడటం నేర్చుకున్న పరిశోధకురాలు సొంత సంస్థకు తిరిగొస్తుంది. అదృష్టం బాగుంటే అక్కడా ఒక సీటీడీ ఉంటుంది. దాని సెన్సర్లు కాలం గడిచేకొద్దీ దారి తప్పుతాయి కాబట్టి, క్రమం తప్పకుండా క్యాలిబ్రేషన్‌కు, అంటే కొలతలు సరిచేయించడానికి, పంపాలి. రవాణా, కస్టమ్స్ కలుపుకుంటే నెలల తరబడి పరికరం చేతిలో ఉండదు. నీటి నమూనాలతో సరిచూసుకుందామంటే, గాజు సీసాల్లో మూసి అమ్మే ప్రామాణిక సముద్రజలం కొనాలి. నీటిలోనే వదిలేసిన సెన్సర్లకు నాచు, గుల్లలు పట్టకుండా ఎవరో ఒకరు తరచూ వెళ్లి గీకి రావాలి. ఈ ఖర్చులకు చోటిచ్చే ఫెలోషిప్ అరుదు. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడటమంటే ఇదే.

తీరప్రాంత పరిశోధనలో ఈ చిక్కు ఇంకా ముదురుతుంది. లోతైన సముద్రానికి ఉన్న ఆకర్షణ మడ అడవుల బురదకు, ఆటుపోట్ల మట్టం కొలిచే గేజికి ఉండదు. చంద్రుడి కక్ష్య వాలులో వచ్చే మార్పు వల్ల ఆటుపోట్ల ఎత్తు 18.6 ఏళ్ల చక్రంలో హెచ్చుతగ్గులకు లోనవుతుంది. మూడేళ్ల ప్రాజెక్టు ఆ చక్రంలో ఆరోవంతు మాత్రమే చూస్తుంది. ఆ కాస్త వ్యవధిలో నమోదైన వరద మట్టం సముద్రం పెరగడం వల్లనా, చంద్రుడి వల్లనా అని తేల్చడం కష్టం. అయినా ప్రతి కొత్త ప్రాజెక్టూ కొత్త ప్రశ్నతో రావాలని సమీక్షకులు కోరుకుంటారు, పాత గేజిని ఇంకో పదేళ్లు నడుపుతామన్న ప్రతిపాదనలో కొత్తదనం ఏముందని అడుగుతారు. శాస్త్రీయంగా అది న్యాయమైన ప్రశ్నే, కానీ గేజిని ఆపేశాక మధ్యలో పోయిన ఏళ్లను మళ్లీ ఎంత డబ్బు పెట్టినా కొలవలేము.

నిధులిచ్చేవారు రాత్రికి రాత్రి మారకపోవచ్చు. చేయగలిగిన చిన్న పని ఒకటుంది: శిక్షణకు పెట్టే మొత్తంలో కొంత భాగాన్ని, తిరిగి వెళ్లాక మూడు నాలుగేళ్లపాటు పరికరాల నిర్వహణకు, ఒక సాంకేతిక సహాయకుడి జీతానికి విడిగా అట్టిపెట్టడం. దానివల్ల ఏటా ఎంపికయ్యే ఫెలోల సంఖ్య తగ్గుతుంది, వార్షిక నివేదిక కాస్త వెలవెలబోతుంది; ఆ బేరం నాకు సమ్మతమే.

దరఖాస్తు చేసేవారు స్టైపెండ్ అంకె కంటే ముందు చూడాల్సింది క్యాలెండర్‌ను. 1982 నాటి సముద్ర చట్టాల ఒప్పందం ప్రకారం మరో దేశపు ప్రత్యేక ఆర్థిక మండలిలో, అంటే వనరులపై ఆ దేశానికి హక్కున్న తీరానికి ఆవలి జలాల్లో, పరిశోధన చేయదలచినవారు కనీసం ఆరు నెలల ముందే ఆ దేశానికి వివరాలు అందజేయాలి. ఏడాది ఫెలోషిప్‌లో చేరాక ఆ కాగితాలు మొదలుపెడితే సగం కాలం ఎదురుచూపులకే పోతుంది, వీసా ఆలస్యమైతే నౌక రేవు దాటిపోతుంది. నౌక ఎప్పుడు బయలుదేరుతుంది, అందులో తనకు చోటు ఖాయమా, అనుమతి కోరుతూ ఎవరు రాశారు, నమూనాలను తర్వాత సొంత దేశానికి తీసుకెళ్లనిస్తారా అన్నవి ఆతిథ్య సంస్థను గడువుకు ముందే అడిగి, జవాబును రాతపూర్వకంగా తీసుకోవాలి.