ఈ ఆఫ్ ఎమ్, అంటే E(m), గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మంటలోని మసి కణం వెలుగును ఎంత మింగుతుందో చెప్పే చిన్న సంఖ్య మీరు. మీకు యూనిట్ లేదు, ఒకటికి కూడా చేరరు. అయినా మీ సంతకం పడనిదే మా ఫైలు కదలదు.

లేజర్‌తో మసిని మెరిపించి, మంటలో మసి ఎంతుందో, కణం ఎంత పెద్దదో కొలిచే పని మాది. మా వైపు ఏ లోటూ చేయడం లేదు, చిత్తగించండి. ఎన్‌డీ-యాగ్ లేజర్‌ను 1064 నానోమీటర్ల దగ్గరే వాడుతున్నాం. 532 పచ్చ వెలుగు వేస్తే పాలీఅరోమాటిక్ అణువులు (మసికి ముందు పుట్టే కార్బన్ వలయాల అణువులు) కూడా మెరిసి, మేమూ మసేనంటూ లెక్కలోకి దూరతాయి. కిరణం అంచులు కోసేసి, సమంగా ఉన్న నడిమి భాగాన్నే లెన్సుతో మంటలోకి పంపుతున్నాం. ఫ్లూయెన్స్, అంటే ఒక్కో పల్స్ మోసే శక్తి, చదరపు సెంటీమీటరుకు 0.1 జూల్ దగ్గర పట్టి ఉంచుతున్నాం, 0.2 దాటితే కొలవాల్సిన మసే ఆవిరైపోతుంది. సుమారు 10 నానోసెకన్ల పల్స్‌కు కణం 3500 కెల్విన్ దాకా వేడెక్కి మెరుస్తుంది, ఆపై చల్లారుతుంది. చిన్న కణం త్వరగా, పెద్దది నిదానంగా. ఆ చల్లారే వేగం చూసి కణం వ్యాసం లెక్కగడతాం.

ఇంతా చేసి మీ గుమ్మంలో నిలబడాలి. ఇథిలీన్ మంటలో హీలియం-నియాన్ లేజర్ కిరణం ఎంత తగ్గిందో కొలిచి, మీతో భాగిస్తేనే మంట ఘనపరిమాణంలో మసి వాటా ఎంతో తేలుతుంది. మీరు 0.26 అంటే 9 పీపీఎం (పది లక్షల్లో 9 వంతులు). 0.39 అంటే 6. బర్నర్ అదే, డిటెక్టర్ అదే, మసీ అదే!

పైగా ఆ 0.26కు మూలమైన మసి వక్రీభవన సూచిక (వెలుగును ఎంత వంచుతుందో, ఎంత మింగుతుందో చెప్పే జంట సంఖ్య), 1.57 మైనస్ 0.56ఐ, ఎక్కడ పుట్టిందో తేల్చడానికి 1996లో స్మిత్, షాడిక్స్ ప్రత్యేకంగా ఒక వ్యాసమే రాయాల్సి వచ్చింది. పెళ్లి సంబంధానికి కూడా ఇంత ఆరా తీయరు.

పోనీ ఒకే మంటలోనైనా నిలకడగా ఉంటారా? అడుగున లేత మసి దగ్గర తక్కువ, పైన ముదిరిన మసి దగ్గర ఎక్కువ. ఏ ఎండకా గొడుగు.

మిమ్మల్ని తప్పించుకుందామని రెండు రంగుల పైరోమెట్రీకి (రెండు తరంగదైర్ఘ్యాల దగ్గర మెరుపును పోల్చి ఉష్ణోగ్రత తేల్చే పద్ధతికి) వెళ్లాం. అక్కడ మీ విలువ అక్కర్లేదు గానీ, 450, 650 నానోమీటర్ల దగ్గర మీ విలువల నిష్పత్తి కావాలట. అందులో 10 శాతం తేడా వస్తే 3500 కెల్విన్ దగ్గర ఉష్ణోగ్రత దాదాపు 120 కెల్విన్ అటూ ఇటూ అవుతుంది. అక్కడి నుంచి ఆ తప్పు కణం వ్యాసంలోకి నడిచిపోతుంది.

ఇకపై మీ విలువను అనుబంధంలో దాచం. ఏ తరంగదైర్ఘ్యం, మంటలో ఏ ఎత్తు, ఏ ఇంధనం అన్నవి పక్కనే రాసి, ఫలితాల పట్టికలో మొదటి వరుసలోనే కూర్చోబెడతాం. ఎర్రర్ బార్ (లెక్క ఎంత తప్పవచ్చో చూపే గీత) కూడా మీ పేరు మీదే గీస్తాం. అభ్యంతరాలుంటే ఒకే ఒక్క అంకెలో తెలియజేయగలరు.

ఇట్లు,
ప్రస్తుతానికి మిమ్మల్ని 0.3 అనుకుంటున్నవారు